ఫ్రీజర్ మీటరు మైనస్ 18 చూపిస్తున్నా మాంసం మధ్యలో ఎందుకు గడ్డకట్టలేదు?

నమస్కారం. అనంతపురం తాడిపత్రి బస్టాండు దగ్గర మీరు నడుపుతున్న కేటరింగ్ వంటశాల గురించి, అందులోని 300 లీటర్ల డీప్ ఫ్రీజర్ గురించి మీరు రాసినదంతా శ్రద్ధగా చదివాను. ఆదివారం పెళ్ళి వంట కోసం శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలకు 20 కిలోల పొట్టేలు మాంసాన్ని నాలుగు సంచుల్లో కట్టి, పక్కపక్కనే ఒత్తి పెట్టారు. అంతవరకు మైనస్ 18 చూపిస్తున్న మీటరు గంటసేపట్లో మైనస్ 11కు ఎక్కింది. తెల్లవారేసరికి మళ్ళీ మైనస్ 18కి దిగింది. అయినా ఉదయం ఎనిమిదింటికి కత్తి దించి చూస్తే మాంసం మధ్య భాగం మెత్తగానే ఉంది. ఆ సంచులకు ఆనుకుని ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాలు రాత్రి మెత్తబడి, ఉదయానికి గట్టిపడి, ఇప్పుడు నోట్లో పెట్టుకుంటే పలుకులు తగులుతున్నాయి. చూడడానికి వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందని, నింపించుకోవాలని చెప్పారు. గ్యాస్ నింపించాలా, లేక ఫ్రీజరే మార్చాలా అన్నది మీ ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇప్పటికైతే రెండూ అవసరం లేదు. గ్యాస్ నిజంగా తగ్గిన ఫ్రీజర్ అంత వేడి సరుకు పడ్డాక తెల్లవారేసరికి తిరిగి మైనస్ 18కి చేరుకోలేదు. అనంతపురం, కడప ప్రాంతాల్లో మాంసం దుకాణాలు, ఐస్‌క్రీమ్ డీలర్లు, హోటళ్ళలో డీప్ ఫ్రీజర్లను చాలా ఏళ్ళుగా బాగు చేస్తున్నాను. నన్ను పిలిపించిన ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం యంత్రంలో కాక, సరుకును లోపల పెట్టిన తీరులోనే కనిపించింది. ఫ్రీజర్ చల్లదనాన్ని నిలబెట్టడానికి తయారైన పెట్టె. వేడి వస్తువును త్వరగా గడ్డకట్టించడం దాని ప్రధాన కార్యం కాదు. ఈ రెండు పనులకూ మధ్య ఉన్న దూరం ఎంతో తెలిస్తే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట మీటరు సంగతి. మీ ఫ్రీజర్ ముందు భాగంలో ఎర్రటి అంకెలు చూపించే ఆ మీటరుకు సన్నటి తీగ ఒకటి ఉంటుంది. దాని చివర ఉండే సెన్సరు లోపలి గోడకు ఆనుకుని గానీ, గోడకు దగ్గరగా గాలిలో గానీ ఉంటుంది. ఆ అంకె తెలిపేది గోడ చల్లదనాన్ని లేదా గోడ పక్క గాలి చల్లదనాన్ని మాత్రమే. సంచి లోపల, మాంసం నడిమధ్యలో ఎంత వేడి ఉందో దానికి తెలిసే మార్గం లేదు. ఒక మాంసం దుకాణంలో యజమానికి ఈ విషయం నచ్చచెప్పడానికి, రాత్రి పెట్టిన పెద్ద ముద్దలోకి ఉదయాన్నే డ్రిల్లింగ్ మిషన్‌తో సన్నటి రంధ్రం చేసి, సూదిలా లోపలికి దిగే ప్రోబ్ థర్మామీటరు దించాను. బయట మీటరు మైనస్ 18 చూపుతున్నది. పైపొర దగ్గర ప్రోబు మైనస్ 9 చూపింది, రెండు వేళ్ళ లోతుకు వెళ్ళేసరికి మైనస్ 2 దగ్గర ఆగింది, నడుమకు చేరేసరికి ప్లస్ 3 చూపింది. ఒకే ముద్దలో, ఒకే సమయంలో, ఇన్ని ఉష్ణోగ్రతలు ఉంటాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాలను భద్రపరిచే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లలో, అంటే గోడల్లో మంచు పొర ఉండే ఫ్రిజ్‌లలో, థర్మామీటరును టీకాల మధ్యనే ఉంచి రోజుకు రెండుసార్లు చూసి రాసుకుంటారు. ముఖ్యమైనది పెట్టె లోపలి గాలి ఎంత చల్లగా ఉందన్నది కాదు, టీకా ఎంత చల్లగా ఉందన్నది. ఆహారం విషయంలోనూ అంతే.

ఇక వేడి లెక్క చూద్దాం. మూత తీసినప్పుడు చల్లగాలి పోతుందని అందరూ భయపడతారు. నిజానికి గాలి మోసే వేడి చాలా తక్కువ. మీ 300 లీటర్ల పెట్టెలోని గాలి మొత్తం పోయి, దాని స్థానంలో 30 డిగ్రీల గాలి నిండిందనుకున్నా, ఆ గాలిని, అందులోని తేమను కలిపి మైనస్ 18కి దించడానికి తీసివేయవలసిన వేడి సుమారు 30 కిలోజౌళ్ళు (కిలోజౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). అదే ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి 125 కిలోజౌళ్ళు, సున్నా దగ్గర గడ్డకట్టించడానికి 334, ఆ గడ్డను మైనస్ 18కి దించడానికి మరో 38, మొత్తం మీద దాదాపు 500 కిలోజౌళ్ళు తీసివేయాలి. అంటే ఒక చిన్న టీ గ్లాసులో పట్టే నీటిని గడ్డకట్టించే శ్రమతో పెట్టెలోని గాలి మొత్తాన్నీ చల్లబరచవచ్చు. పైగా చల్లగాలి బరువైనది కనుక, మూత పైకి తెరుచుకునే పెట్టె ఫ్రీజర్‌లో అది చాలావరకు లోపలే నిలిచి ఉంటుంది. నిలువు తలుపు ఉన్న ఫ్రీజర్‌లోనే అది కిందికి జారి బయటికి పోతుంది. మూత ఎక్కువసార్లు తీయడం మంచిది కాదన్న మాట వాస్తవమే గానీ, అందుకు కారణం ముఖ్యంగా తేమ. బయటి గాలిలోని తేమ గోడల మీద మంచుగా పేరుకుంటుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పై లెక్కలో అన్నిటికంటే పెద్ద అంకె 334 అని గమనించారు కదా. బడిలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. నీరు గడ్డకట్టేటప్పుడు ఈ వేడి అంతా బయటికి పోవాలి. అది పోయేవరకు ఉష్ణోగ్రత కిందికి దిగదు. మాంసంలో సుమారు నూటికి 70 పాళ్ళు నీరే కనుక మాంసానికీ ఇదే జరుగుతుంది. కాకపోతే కండలోని నీటిలో లవణాలు, మాంసకృత్తులు కలిసి ఉండడం వల్ల అది సున్నా దగ్గర కాక, మైనస్ 1, మైనస్ 2 డిగ్రీల మధ్య గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మైనస్ 5 వరకు ఎక్కువ భాగం నీరు గడ్డ అవుతుంది. ఆ మధ్యకాలమంతా థర్మామీటరు కదలనట్లే కనిపిస్తుంది. ఒక కిలో మాంసాన్ని 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి దించడానికి మొత్తం సుమారు 370 కిలోజౌళ్ళు తీసివేయాలి. మీ 20 కిలోలకు అది 7,400 కిలోజౌళ్ళు. గోడల గుండా నిరంతరం లోపలికి వచ్చే వేడిని తీసివేశాక మీ ఫ్రీజర్ వద్ద మిగిలే అదనపు సామర్థ్యం 100 వాట్లు అనుకుందాం. అంటే గంటకు 360 కిలోజౌళ్ళు. ఏ ఆటంకమూ లేకుండా, లోపలి వేడిని బయటికి తోడే కంప్రెసర్ ఆగకుండా నడిచినా ఈ పని పూర్తి కావడానికి 20 గంటలు దాటుతుంది. రాత్రి ఎనిమిదింటి నుంచి ఉదయం ఎనిమిదింటి వరకు 12 గంటలే. కొత్త ఫ్రీజర్ తెచ్చినా, అదే పరిమాణంలోనిదైతే, ఈ లెక్క పెద్దగా మారదు.

ఇది కంప్రెసర్ వైపు నుంచి చూసిన లెక్క. సరుకు వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇంకా కఠినం. మన ప్రాంతపు బోరు బావులు తెలిసినవారికి ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. ఎంత పెద్ద మోటారు దించినా బోరులో ఊట ఎంత ఉంటే అంతే నీరు పైకి వస్తుంది. మాంసం ముద్ద నడుమ ఉన్న వేడి కూడా అలాగే ఊరుతూ పైపొరకు రావాలి, అక్కడి నుంచి గాలిలోకి వెళ్ళాలి, గాలి నుంచి గోడకు చేరాలి, అప్పుడే కంప్రెసర్ దాన్ని బయట పారవేయగలదు. ఈ దారిలో రెండు పెద్ద అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, కదలని గాలి. సరుకు చుట్టూ నిలిచిపోయిన పలుచని గాలిపొర వేడిని బాగా అడ్డుకుంటుంది. రెండవది, ముద్ద మందం. మధ్యలో ఉన్న వేడి అప్పటికే గడ్డకట్టిన పొర గుండా ప్రయాణించి రావాలి. లోపలికి గడ్డకట్టే కొద్దీ ఆ పొర పెరుగుతూ పోతుంది.

ఈ రెండింటినీ కలిపి, ఒక వస్తువు ఎంతసేపటిలో గడ్డకడుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 1913లో రుడాల్ఫ్ ప్లాంక్ అనే ఇంజనీరు ఇచ్చాడు. నేటికీ శీతలీకరణ చదువుల్లో మొదట చెప్పేది ఆ సూత్రమే. దాని ప్రకారం లెక్క వేస్తే, మైనస్ 18 డిగ్రీల కదలని గాలిలో, పైన కింద మాత్రమే గాలి తగిలేలా పక్కపక్కన ఒత్తి పేర్చిన 15 సెంటీమీటర్ల మందపు మాంసం గడ్డకట్టే దశ దాటడానికే సుమారు రెండు రోజులు పడుతుంది. అదే మాంసాన్ని 2.5 సెంటీమీటర్ల మందంతో పలుచగా పరిస్తే ఆ దశ ఏడు గంటల్లో ముగుస్తుంది. మాంసం అదే, ఫ్రీజర్ అదే, చలి కూడా అదే. మారింది మందం ఒక్కటే. ఒక వస్తువు గోడ లోహానికి నేరుగా ఆనుకుని ఉంటే మొదటి అడ్డంకి చాలావరకు తొలగిపోతుంది. అప్పుడు మిగిలే అడ్డంకి అంతా మందమే, దాని ప్రభావం వర్గంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే పట్టే సమయం నాలుగింతలవుతుంది.

మీటరు తెల్లవారికి మైనస్ 18కి ఎందుకు దిగిందో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. మొదటి గంటల్లో పైపొర వేడిగా ఉంది కనుక వేడి జోరుగా బయటికి వచ్చింది, కంప్రెసర్ అందుకోలేకపోయింది, గాలి మైనస్ 11కు ఎక్కింది. తర్వాత పైపొర గడ్డకట్టింది, లోపలి ఊట సన్నగిల్లింది, వచ్చే కొద్ది వేడిని కంప్రెసర్ సులభంగా తోడేసింది, గాలి మళ్ళీ మైనస్ 18 అయింది. లోపల ఇంకా చాలా వేడి మిగిలి ఉన్నా, అది నెమ్మదిగా వస్తున్నందువల్ల మీటరుకు తెలియలేదు.

ఇక్కడ రుచి కంటే, వ్యాపారం కంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. దయచేసి దీన్ని తేలికగా తీసుకోవద్దు. అంత మందపు ముద్దలో నడిమి భాగం 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగడానికే దాదాపు రాత్రంతా పడుతుంది. ఆహారాన్ని పాడుచేసే, రోగాలు కలిగించే సూక్ష్మజీవులు 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్యే వేగంగా పెరుగుతాయి. ఫ్రీజర్‌లో పెట్టాము కదా అనే నమ్మకంతో మీరు నిద్రపోతున్నప్పుడు ఆ ముద్ద మధ్యలో అవి నిశ్చింతగా పెరుగుతూ ఉంటాయి. తర్వాత అది గడ్డకట్టినా, గడ్డకట్టడం వల్ల అవన్నీ చావవు, పెరగడం మాత్రం ఆగుతుంది. కరిగిన తర్వాత మళ్ళీ మొదలవుతుంది. వందలమంది తినే పెళ్ళి భోజనం కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. శుక్రవారం పెట్టిన ఆ మాంసం విషయంలో, మధ్య భాగం వాసనలో గానీ, జిగురులో గానీ ఏమాత్రం తేడా కనిపించినా వాడకండి. తేడా కనిపించకపోయినా, దాన్ని మళ్ళీ గడ్డకట్టించి నిలవ ఉంచాలని చూడకండి.

ఐస్‌క్రీమ్‌కు జరిగింది వేరే కథ. అందులో చక్కెర ఎక్కువ కనుక మైనస్ 2.5, మైనస్ 3 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టడం మొదలుకాదు. మైనస్ 18 దగ్గర కూడా అందులోని నీరంతా గడ్డగా మారి ఉండదు, కొంత భాగం చిక్కటి పాకంగా గడ్డల మధ్య మిగిలే ఉంటుంది. గరిటె దిగేంత మెత్తదనం రావడానికి కారణం అదే. ఉష్ణోగ్రత మైనస్ 18 నుంచి మైనస్ 11కు పెరిగితే డబ్బా పైకి గట్టిగానే కనిపించవచ్చు గానీ, లోపల చిన్న చిన్న మంచు స్ఫటికాలు ముందుగా కరిగిపోతాయి. మళ్ళీ చల్లబడినప్పుడు ఆ నీరు కొత్తగా చిన్న స్ఫటికాలను పుట్టించదు, అప్పటికే మిగిలి ఉన్న పెద్ద స్ఫటికాలకు అతుక్కుంటుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే పలుకులు నాలుకకు తెలిసేంత పెద్దవవుతాయి. మీ డబ్బాలు వేడి సంచులకు నేరుగా ఆనుకుని ఉన్నందువల్ల ఒక్క రాత్రిలోనే ఇది జరిగింది. ఎంత చల్లబరచినా ఆ నునుపు తిరిగి రాదు. తినడానికి పనికివస్తుందా అంటే, పూర్తిగా కరిగిపోయి ద్రవంగా మారకపోతే పనికివస్తుంది, కానీ విందులో వడ్డించదగిన నాణ్యత అందులో ఇక లేదు. మాంసంలో కూడా పెద్ద స్ఫటికాలు కండ కణాలను చీల్చుతాయి. నెమ్మదిగా గడ్డకట్టిన మాంసం కరిగేటప్పుడు ఎర్రటి నీరు ఎక్కువగా కారడం, వండితే పీచుగా ఉండడం మీరు చూసే ఉంటారు.

వేగంగా గడ్డకట్టించడం వల్ల వచ్చే మేలును వ్యాపార స్థాయిలో నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ. అతడు 1910వ దశకంలో కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజలు గడ్డకట్టే గాలిలో పట్టిన చేపలు వెంటనే గడ్డకట్టడం, నెలల తర్వాత కరిగించినా తాజా చేపల్లా ఉండడం గమనించాడు. 1920వ దశకంలో సరుకును పలుచని ప్యాకెట్లుగా చేసి, రెండు చల్లటి లోహపు పలకల మధ్య అదిమి గడ్డకట్టించే యంత్రాన్ని రూపొందించాడు. పలుచదనం, లోహపు స్పర్శ అన్న రెండు సూత్రాలనూ మీ వంటశాలలో రూపాయి ఖర్చు లేకుండా పాటించవచ్చు.

ఎలాగంటే, మాంసాన్ని ముక్కలు కొట్టించి, అర కిలో చొప్పున చదునైన ప్లాస్టిక్ కవర్లలో వేసి, గాలి అంతా నొక్కి తీసేసి, రెండున్నర సెంటీమీటర్లకు మించకుండా పలకల్లా తట్టండి. కవర్లో గాలి మిగిలితే అది వేడిని అడ్డుకోవడమే కాక, నెలల తరబడి నిలవ ఉంచినప్పుడు మాంసం పైపొరలోని మంచు ఆవిరై తెల్లటి మచ్చలు ఏర్పడతాయి. ఈ ప్యాకెట్లను నేరుగా డీప్ ఫ్రీజర్‌లో వేయకుండా, ముందు మామూలు ఫ్రిజ్‌లో గానీ, మంచుగడ్డలు వేసిన టబ్బులో గానీ ఉంచి 5 డిగ్రీల లోపుకు దించండి. 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు వచ్చే వేడిని వేరే చోట తీసేస్తే, కిలోకు ఉన్న 370 కిలోజౌళ్ళలో 85 వరకు డీప్ ఫ్రీజర్ నెత్తిన పడవు. పైగా ఐస్‌క్రీమ్ మీదికి వేడి సెగ తగలదు. తర్వాత వాటిని అడుగున, గోడల పక్కన, ఒక్క వరుసగా, ఒకదానికొకటి తగలకుండా పరచండి. ఒక అల్యూమినియం పళ్ళెం మీద పరిస్తే మరీ మంచిది. ఒక విడతకు ఐదారు కిలోలకు మించవద్దు. ఆ విడత గట్టిపడ్డాక, సాధారణంగా మరునాటికి, వాటిని ఒక మూలకు చేర్చి సందు లేకుండా పేర్చి, రెండో విడతకు చోటు ఇవ్వండి. గడ్డకట్టేటప్పుడు ఎడంగా ఉండాలి, గడ్డకట్టిన తర్వాత దగ్గరగా ఉండాలి. ఈ రెండో మాటను చాలామంది పట్టించుకోరు. దగ్గరగా పేర్చిన గడ్డ సరుకు ఒకదానికొకటి చలిని కాపాడుకుంటుంది. ఆదివారానికి 20 కిలోలు కావాలంటే మంగళవారం నుంచే మొదలుపెట్టాలన్నమాట. అంత ముందుగా వీలుకాకపోతే, శనివారం రాత్రి తాజా మాంసం తెచ్చుకుని ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉంచి ఆదివారం ఉదయం వండడం, సగం గడ్డకట్టిన మాంసాన్ని నమ్ముకోవడం కంటే ఎంతో మేలు.

కరిగించేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. మంచు గడ్డ వేడిని నీటి కంటే దాదాపు నాలుగు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. గడ్డకట్టేటప్పుడు బయటి పొర గడ్డగా మారుతుంది కనుక వేడికి దారి సుగమం అవుతుంది. కరిగేటప్పుడు బయటి పొర మెత్తబడి వేడిని అడ్డుకుంటుంది. అందుకే గడ్డకట్టిన దానికంటే కరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోండి, గట్టు మీద పెట్టి వదిలేయకండి.

మీరు చీనీ (బత్తాయి) రసం సీసాల గురించి కూడా ఒక వాక్యం రాశారు. చక్కెర ఉన్న ఏ రసమైనా ముందు గోడల వైపు నుంచి దాదాపు స్వచ్ఛమైన నీటి గడ్డగా కడుతూ, తీపిని నడుమకు నెట్టేస్తుంది. సగం కరిగిన సీసా నుంచి మొదట వంపిన గ్లాసు అతి తీపిగా, చివరి గ్లాసు నీళ్ళలా ఉండడానికి కారణం ఇదే. పూర్తిగా కరిగించి, కలిపి వడ్డించండి. నీరు గడ్డకడితే నూటికి 9 పాళ్ళు పెరుగుతుంది కనుక గాజు సీసాలు వద్దు. ప్లాస్టిక్ సీసా అయినా పైన కొంత ఖాళీ వదలాలి.

ఇక మన ఎండల సంగతి. గోడల గుండా లోపలికి వచ్చే వేడి, లోపలికి బయటికి ఉన్న ఉష్ణోగ్రతల తేడాకు అనుగుణంగా పెరుగుతుంది. డిసెంబరులో గది 25 డిగ్రీలు ఉంటే తేడా 43 డిగ్రీలు. మే నెలలో గది 42 డిగ్రీలకు చేరితే తేడా 60. చొరబడే వేడి నూటికి 40 పాళ్ళు పెరిగిందన్నమాట. అదే సమయంలో, వేడిని బయటికి వదిలే కండెన్సర్ కూడా అంత వేడిగాలిలోనే పనిచేయాలి కనుక కంప్రెసర్ సామర్థ్యం తగ్గుతుంది. రెండు వైపుల నుంచీ నష్టమే. ఫ్రీజర్ వెనుక అంటించిన చీటీలో క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. ఎన్ అంటే 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ అంటే 38 వరకు, టీ అంటే 43 వరకు గది వేడిని తట్టుకునేలా తయారైందని అర్థం. అనంతపురంలో టీ తప్ప మరొకటి కొనకూడదు. ఫ్రీజర్ మీద కనిపించే నక్షత్రాలు విద్యుత్ ఆదాను తెలిపేవి, వాటిని చూసి చలి సామర్థ్యాన్ని అంచనా వేయవద్దు. రేకుల షెడ్డు కింద, పొయ్యిల పక్కన పెట్టిన ఫ్రీజర్ చుట్టూ 43 కూడా దాటుతుంది. మీది వంటశాల కనుక ముందు దాన్ని పొయ్యిలకు దూరంగా, గోడకు కనీసం ఒక జానెడు ఎడంగా జరపండి. చాలా పెట్టె ఫ్రీజర్లలో కండెన్సర్ గొట్టాలు బయటి రేకు లోపలే ఉంటాయి. ఆ పక్కల మీద చేయి పెడితే వెచ్చగా ఉండడం సహజం. అక్కడ గోనె సంచులు, సామాను ఆనించి పెడితే వేడికి పోయే దారి ఉండదు.

లోపలి గోడల మీద పేరుకున్న తెల్లటి మంచు గురించి ఇందాక చెబుతానన్నాను. అది నిండుగా గాలి బుడగలున్న మంచు కనుక దుప్పటిలా వేడిని అడ్డుకుంటుంది. సుమారు ఐదారు మిల్లీమీటర్ల మందం వచ్చిందంటే తీసేయాలి. ఫ్రీజర్ ఆపి, సరుకును ఒక చోట దుప్పట్లలో చుట్టి ఉంచి, మూత తెరిచి సహజంగా కరగనివ్వండి. కత్తితో, స్క్రూడ్రైవరుతో చెక్కకండి. వెనకున్న గొట్టానికి చిల్లు పడితే బాగుచేయడం కష్టం. కొత్త ఫ్రీజర్లలో చాలావాటిలో వాడే ఆర్ 600ఏ వాయువు మండే గుణం కలది.

కరెంటు పోయినప్పుడు ఎంతసేపు ఆగుతుందన్నది మీ చివరి ప్రశ్న. నిండా గడ్డ సరుకు ఉండి మూత తీయకపోతే రెండు రోజులు, సగం ఉంటే ఒక రోజు అని పుస్తకాల్లో రాస్తారు. అవి చల్లటి దేశాల గదులకు చెప్పిన లెక్కలు, పైగా సరుకు పాడుకాకుండా ఉండడం గురించి చెప్పినవి. మన మే నెలలో అంత ధీమా వద్దు. ఐస్‌క్రీమ్ నాణ్యత అయితే కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది. ఖాళీ స్థలాన్ని నీళ్ళ సీసాలతో నింపాలన్న సలహా మంచిదే గానీ, మామూలు నీటి గడ్డ తన గుప్తోష్ణాన్ని సున్నా దగ్గరే వినియోగిస్తుంది. ఐస్‌క్రీమ్ అంతకు ముందే మెత్తబడుతుంది. లీటరుకు 100 గ్రాముల లెక్కన ఉప్పు కలిపిన నీటిని సీసాల్లో పోసి పెడితే, అది మైనస్ 6 దాటాక గడ్డకట్టడం మొదలై మైనస్ 18 వరకు కొంచెం కొంచెంగా గడ్డకడుతూ ఉంటుంది. కరెంటు పోయి ఉష్ణోగ్రత మైనస్ 18 నుంచి మైనస్ 12కు ఎక్కేలోగా అది మామూలు మంచు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. ఐస్‌క్రీమ్ వాహనాల్లో పలకల రూపంలో ఉప్పు ద్రావణాన్ని వాడడం వెనుక ఉన్న సూత్రం ఇదే. సీసాలపై ఉప్పునీరు అని తప్పక రాసి పెట్టండి. వాటిని కూడా సరుకు లేని రోజునే, రెండు మూడు చొప్పున గడ్డకట్టించుకోండి.

మీరు ఊళ్ళో లేనప్పుడు కరెంటు చాలాసేపు పోయి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి నాణెం ఉంచండి. తిరిగి వచ్చాక నాణెం పైనే ఉంటే ఫరవాలేదు. మధ్యలోకో అడుగుకో దిగి గడ్డలో ఇరుక్కుని ఉంటే లోపల సున్నా దాటిందని అర్థం, ఆ సరుకును నమ్మకండి. కరెంటు వచ్చిన వెంటనే కంప్రెసర్ మీద భారం పడకుండా, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి మొదలయ్యే స్టెబిలైజర్ పెట్టుకోండి. లోపలి పీడనం సమం కాకముందే మళ్ళీ తిరగబోతే మోటారు కాలిపోయే ప్రమాదం ఉంది.

గ్యాస్ విషయం తేల్చుకోవడానికి ఈ పరీక్ష చేయండి. కొత్త సరుకు ఏదీ పెట్టకుండా, పూర్తిగా గడ్డకట్టిన సరుకు మాత్రమే ఉంచి, రెండు ప్యాకెట్ల మధ్య ఒక థర్మామీటరు ఇరికించి ఒక రాత్రి మూత తీయకుండా వదిలేయండి. ఉదయం అది మైనస్ 18 దగ్గర ఉండి, కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతూ ఉంటే మీ యంత్రం ఆరోగ్యంగా ఉన్నట్లే. అలా లేకపోతే మూత రబ్బరు చూడండి. ఒక కాగితం ముక్కను మధ్యలో పెట్టి మూత వేసి లాగితే బిగువుగా రావాలి, చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడాలి. రబ్బరు బాగుండి కూడా చలి రాకపోతే గోడల మీది మంచు ఎలా పడుతోందో గమనించండి. అన్ని గోడల మీదా సమానంగా పడితే గ్యాస్ తగ్గినట్లు కాదు. ఒక చోట మాత్రమే దట్టంగా పడి, మిగతా గోడలు పొడిగా ఉంటే తగ్గి ఉండవచ్చు. ఆ స్థితిలో కూడా ఒక మాట అడగండి. ఈ వాయువు మూసిన గొట్టాల్లో తిరిగేదే తప్ప, వాడుకలో ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటు కనిపెట్టి, అతికించి, గొట్టాల్లోని గాలిని వాక్యూమ్ పంపుతో తీసి, చీటీ మీద రాసిన తూకం ప్రకారమే నింపుతానని చెప్పే మెకానిక్‌కే ఆ పని అప్పగించండి.